గల్బి: కొరియా పక్కటెముకల వంటకం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కొరియాలో చదువుకో ఉద్యోగానికో వెళ్లినవాళ్ళు, అమెరికాలో కొరియన్ సూపర్‌మార్కెట్‌కు దగ్గర్లో ఉండేవాళ్ళు, సీరియళ్ళలో చూసి నోరూరినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తాను. అందరూ మారినేడ్ (మాంసం నానబెట్టే రసం) రెసిపీ అడుగుతారు కానీ గల్బి రుచి తేలేది కోతలోనూ నిప్పు దగ్గరే. మారినేడ్ పది నిమిషాల పని, అది ఎవరైనా కలుపుతారు.

గల్బి అంటే ఏంటి?

పశువు పక్కటెముకల మాంసాన్ని ఎముకతో పాటే పల్చగా విప్పి, సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి, బేరిపండు గుజ్జు, నువ్వుల నూనె కలిపిన రసంలో నానబెట్టి బొగ్గుల మీద కాల్చేది. మామూలుగా గల్బి అనగానే ఇదే గుర్తొస్తుంది కానీ హోటల్ మెనూలో ఇంకో నాలుగైదు రకాల గల్బిలు ఉంటాయి, కాబట్టి దాని ముందూ వెనకా ఏముందో చూసుకోండి. "సో" అని ఉంటే బీఫ్, "ద్వేజీ" అంటే పంది. "సేంగ్" అంటే ఏమీ పట్టించని పచ్చి మాంసం, మీ ముందే కాల్చి ఉప్పుతో తింటారు. "యాంగ్న్యోమ్" అంటే నానబెట్టింది. చివర "జ్జిమ్" అని ఉంటే కాల్చింది కాదు, ముల్లంగి, క్యారెట్, చెస్ట్‌నట్ వేసి మెత్తగా ఉడికించింది. చుసోక్ (పంటల పండగ), సొల్లాల్ (కొత్త సంవత్సరం) పండగలకు ఇళ్ళలో చేసుకునేది ఎక్కువగా ఈ జ్జిమ్ రకమే. "తాంగ్" అంటే పులుసు కాదు, తేటగా ఉండే ఎముకల సూపు.

బుల్గోగీ, గల్బి ఒకటేనా?

రసం దాదాపు ఒకటే, మాంసం వేరు. బుల్గోగీకి ఎముక లేని మెత్తటి మాంసాన్ని కాగితమంత పల్చగా కోస్తారు, చాలాచోట్ల పెనం మీద రసంతోనే వండేస్తారు. గల్బికి కొవ్వు, ఎముక, నమలడానికి కాస్త పట్టు, నిప్పు సెగ అన్నీ ఉండాలి. నన్ను ఎంచుకోమంటే ప్రతిసారీ గల్బే.

మాంసం ఎలా కోయాలి? రెండు రకాల కోతలు ఉన్నాయంటారు, ఏది మంచిది?

పాత పద్ధతిలో ఎముకను పొడవుగానే ఉంచుతారు. ఎముకకు అంటుకున్న మందపాటి మాంసం ముద్దను చాప విప్పినట్టు విప్పుకుంటూ పోవాలి. ముందు ఎముకకు ఆనించి కత్తి దించుతారు కానీ పూర్తిగా తెగనివ్వరు, ఒక అంచు అంటుకునే ఉండాలి. తర్వాత మాంసాన్ని అడ్డంగా సగానికి చీల్చి తెరుస్తారు, తెరిచినదాన్ని మళ్ళీ ఇంకో వైపు నుంచి చీలుస్తారు, అలా రెండు మూడుసార్లు చేసేసరికి ఆ ముద్ద కాస్తా జానెడు కంటే పొడవైన పట్టీగా పరుచుకుంటుంది, ఒక కొసన ఎముక వేలాడుతూ ఉంటుంది. అప్పుడు కత్తి మొనతో పైపైన ఏటవాలుగా దగ్గర దగ్గరగా గాట్లు పెడతారు, తిప్పి ఎదురు దిశలో ఇంకో వరస పెడతారు. ఆ గాట్లు కేవలం అందానికి కాదు. పక్కటెముకల దగ్గర మాంసంలో గట్టి పొరలు, నరాలు ఎక్కువ, గాట్లతో అవి తెగుతాయి, రసం లోపలికి దిగుతుంది, నిప్పు మీద ముక్క ముడుచుకుపోకుండా ఉంటుంది. చేయి తిరిగినవాళ్ళు ఈ పని చేస్తుంటే పక్కన నిలబడి చూడండి, కత్తి ఎక్కడా ఆగదు, పట్టీ మందం ఈ కొస నుంచి ఆ కొస దాకా మారదు. కొరియాలో పేరున్న గల్బి హోటళ్ళలో ఈ కోత కోసేవాళ్ళకు వంట చేసేవాళ్ళతో సమానమైన గౌరవం ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

రెండోది ఎల్.ఏ. గల్బి. లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డ కొరియన్ల పేరుతో పాపులర్ అయిన కోత. ఎముకలకు అడ్డంగా రంపం మిషన్‌తో కోసేస్తారు, ఒక్కో పట్టీలో మూడు నాలుగు గుండ్రటి ఎముక ముక్కలు వరసగా కనిపిస్తాయి, మందం సెంటీమీటరు కంటే తక్కువే. అమెరికన్ మాంసం కొట్లలో దీన్నే ఫ్లాంకెన్ కట్ అంటారు, కాస్ట్‌కోలోనూ, కొరియన్ సూపర్‌మార్కెట్ హెచ్ మార్ట్‌లోనూ సులభంగా దొరుకుతుంది. ఇప్పుడు కొరియాలోనూ పండగలకు ఇళ్ళలో ఇదే ఎక్కువ కొంటున్నారు, ఎందుకంటే కత్తి పని ఏమీ లేదు, త్వరగా నానుతుంది, పెనం మీద కూడా కాలుతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు నా సలహా ఎల్.ఏ. కోతే. కానీ జీవితంలో ఒక్కసారైనా పాత పద్ధతిలో కోసిన గల్బి బొగ్గుల మీద తినండి, తేడా మీకే తెలుస్తుంది.

ఏ ఎముకలు అనేది కూడా చూసుకోవాలి. పశువుకు ఒక్కో వైపు 13 పక్కటెముకలు ఉంటాయి. కొరియన్ లెక్కలో 6 నుంచి 8 దాకా ఉన్నవాటిని క్కొత్ గల్బి అంటారు, మాంసం మందంగా ఉండి కొవ్వు సన్నని తెల్ల గీతల్లా బాగా కలిసిపోయి ఉంటుంది. కాల్చడానికి మేలైనవి ఇవే. చివరి ఎముకల్లో మాంసం తక్కువ, అవి సూపుకో జ్జిమ్‌కో పోతాయి.

గల్బి అంటే సియోల్ దగ్గరి సువాన్ ఊరి పేరే ఎందుకు చెప్తారు?

దీనికి జవాబు కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. కొరియాను ఏలిన చోసన్ రాజుల కాలంలో ఎద్దు అంటే నాగలి. ఎద్దుల్ని కోసుకు తింటే సేద్యం ఏమవుతుందని పశువధ మీద పదే పదే నిషేధాలు పెట్టారు. వ్యవసాయం మీద బతికిన మనలాంటి దేశంవాళ్ళకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. జోంగ్జో రాజు 1794-96 మధ్య సువాన్‌లో హ్వాసోంగ్ కోట కట్టించాడు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన కోట అదే. కోటతో పాటు ఒక కొత్త ఊరు నిలబెట్టాలి, జనం రావాలి, పొలాలు సాగవ్వాలి. రైతులకు ఎద్దుల్ని ఇచ్చి సేద్యం చేయించారు, అలా పశువులు పెరిగి సువాన్ పశువుల సంత దేశంలోనే పెద్ద సంతల్లో ఒకటిగా ఎదిగిందని అక్కడివాళ్ళు చెప్తారు. సంత ఉన్నచోట మాంసం ఉంటుంది, మాంసం ఉన్నచోట హోటళ్ళు వస్తాయి.

1940ల్లో యోంగ్‌డాంగ్ మార్కెట్ దగ్గర మొదలైన హ్వాచునోక్ అనే హోటల్ మొదట పొద్దున్నే తాగే హేజాంగ్‌గుక్ సూపులో పక్కటెముకలు వేసి అమ్మేది. 1950ల్లో ఆ ఎముకల్నే నానబెట్టి బొగ్గుల మీద కాల్చి అమ్మడం మొదలుపెట్టింది, ఊరి పేరు అక్కడి నుంచి పాకింది. ఆ హోటల్ ఇప్పుడు పాత రూపంలో లేదు కానీ ఆ పద్ధతి ఊరంతా నిలిచిపోయింది.

సువాన్ గల్బికి రెండు గుర్తులు. ఒకటి సైజు: ఎముక పెద్దది, అందుకే వాంగ్ (అంటే రాజు) గల్బి అంటారు. రెండోది, రసంలో సోయా సాస్‌కు బదులు ఉప్పు వాడతారు. రంగు ముదురు గోధుమ కాకుండా మాంసం రంగే కనిపిస్తుంది, తీపి తక్కువ, మాంసం రుచి ముందుకొస్తుంది. సామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి మన ఇంజినీర్లు అక్కడ బాగానే ఉన్నారు. సువాన్‌లో ఉంటూ వాంగ్ గల్బి తినకపోవడం మాత్రం అన్యాయం, బీఫ్ తినేవాళ్ళ సంగతి చెప్తున్నాను.

మిగతా ఊళ్ళ గల్బి ఎలా ఉంటుంది?

పోచన్ దగ్గర ఇదోంగ్ అనే ఊరు ఉంది, చుట్టూ సైనిక శిబిరాలు. సెలవు దొరికిన సైనికులు, వాళ్ళను చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు తినేవాళ్ళు కాబట్టి అక్కడ పరిమాణం ధారాళంగా ఉంటుంది, రుచి సోయా సాస్‌తో తియ్యగా ఉంటుంది. బుసాన్‌లో హేఉండే తీరం దగ్గర 1964 నుంచి నడుస్తున్న గల్బి హోటల్ ఒకటి బాగా ప్రసిద్ధి, అక్కడ డైమండ్ ఆకారం గాట్లు పెడతారు. దక్షిణాన దమ్యాంగ్‌లో తొక్‌గల్బి అని ఉంటుంది, పక్కటెముకల మాంసాన్ని కొట్టి ముద్ద చేసి కాలుస్తారు. పళ్ళు సరిగా లేని పెద్దవాళ్ళను తీసుకెళ్తే హాయిగా తింటారు.

చున్‌చన్ దక్‌గల్బి అని ఇంకొకటి వినుంటారు. అది కోడి, పెద్ద పెనం మీద ఎర్రటి కారం, క్యాబేజీ, చిలగడదుంపతో వేయిస్తారు. పేరులో గల్బి ఉంది గానీ పక్కటెముక ఒక్కటి కూడా ఉండదు.

మారినేడ్ కొలతలు చెప్పండి.

కిలో ఎల్.ఏ. గల్బికి నేను పెట్టుకునే కొలత ఇది. సోయా సాస్ 100 మిల్లీలీటర్లు, బ్రౌన్ షుగర్ 3 టేబుల్ స్పూన్లు, కొరియన్ బేరిపండు సగం, మామూలు ఉల్లిపాయ సగం, వెల్లుల్లి 7 లేక 8 రెబ్బలు, బొటనవేలి కొసంత అల్లం, మిరిన్ (వంటలో వాడే తియ్యటి జపనీస్ రైస్ వైన్) లేదా రైస్ వైన్ 3 టేబుల్ స్పూన్లు, వేయించిన నువ్వుల నూనె టేబుల్ స్పూనున్నర, మిరియాల పొడి అర టీస్పూను, సన్నగా తరిగిన ఉల్లికాడలు రెండు. పండు, ఉల్లి, వెల్లుల్లి, అల్లం మిక్సీలో వేసి మెత్తగా తిప్పి, మిగతావి కలిపేయడమే. రుచి చూస్తే నాలుకకు కాస్త ఉప్పగా, కాస్త అతిగా తియ్యగా అనిపించాలి, మాంసంలోకి దిగాక సరిపోతుంది.

ఇందులో కారం లేదు, పసుపు లేదు, గరం మసాలా లేదు. వేయాలని చేయి లాగుతుంది, తెలుసు. మొదటిసారి ఏమీ కలపకుండా చేసి చూడండి. కొరియన్ల కారం పక్కన వచ్చే కిమ్చీలోనూ, సోయా ముద్దతో చేసే సామ్‌జాంగ్ చట్నీలోనూ, పచ్చిమిరపకాయలోనూ ఉంటుంది, కాల్చే గల్బి మాంసంలో ఉండదు. మీద కారం వేస్తే ఆ తీపి, పొగ రెండూ దాక్కుంటాయి.

సోయా సాస్ విషయంలో జాగ్రత్త. మన కిరాణా కొట్లో చైనీస్ వంటకని అమ్మే నల్లటి చిక్కటి సాస్ వేస్తే గల్బి రంగూ రుచీ రెండూ చెడతాయి. జిన్ గాంజాంగ్ అని రాసి ఉన్న కొరియన్ సీసా తీసుకోండి, సెంప్యో లాంటి కంపెనీలవి ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, లేకపోతే జపాన్ కంపెనీ కిక్కోమన్ సాస్ పర్లేదు. గుక్ గాంజాంగ్ అని ఉన్నది మాత్రం కొనకండి, అది సూపుల కోసం, ఉప్పు చాలా ఎక్కువ.

నానబెట్టే ముందు నీళ్ళలో వేయాలా?

వేయాలి. ఎల్.ఏ. కోతలో రంపం తిరిగినచోట ఎముక పొడి మాంసానికి అంటుకుని ఉంటుంది, కడగకపోతే పళ్ళకింద ఇసుకలా తగులుతుంది. ముందు ఒక్కో పట్టీని ధార కింద వేలితో రుద్ది కడిగి, తర్వాత చల్లటి నీళ్ళలో అరగంట నుంచి గంట దాకా ఉంచండి, నీళ్ళు ఎర్రబడితే మార్చండి. తీశాక గుడ్డతోనో టిష్యూతోనో తడి పూర్తిగా ఒత్తేయాలి. ఈ ఒత్తడం చాలామంది వదిలేస్తారు, దాంతో రసం పల్చబడి ఎంత ఉప్పు వేసినా రుచి పట్టదు.

కొరియన్ బేరిపండు దొరకదు. ఏం వాడాలి?

హైదరాబాద్, విజయవాడ మార్కెట్లలో సీజన్లో వచ్చే గట్టి నాష్‌పాతీ దాదాపు ఆ పనే చేస్తుంది. అదీ లేకపోతే యాపిల్ వేయండి, తీపి వస్తుంది గానీ మాంసం మెత్తబడటం అంతగా ఉండదు.

కివీ, పైనాపిల్, పచ్చి బొప్పాయి వేరే సంగతి. వీటిలో ప్రోటీన్‌ను కరిగించే ఎంజైములు చాలా బలమైనవి. హలీం, కబాబ్, పత్తర్ కా గోష్త్ చేసే హైదరాబాదీ ఇళ్ళలో పచ్చి బొప్పాయి ముద్ద ఎలా పనిచేస్తుందో అందరికీ తెలుసు, చేయి కాస్త జారితే మాంసం పిండి పిండి అయిపోతుంది. ఎల్.ఏ. గల్బి చాలా పల్చన కాబట్టి ఇంకా త్వరగా పాడవుతుంది. కిలోకు ఒక టేబుల్ స్పూను మించొద్దు, రెండు మూడు గంటలు మించి ఉంచొద్దు. రాత్రంతా ఉంచాలనుకుంటే వీటిని అసలు వేయకండి, బేరిపండే వేయండి. డబ్బాలో వచ్చే పైనాపిల్ వేడి చేసి సీలు వేసింది, అందులో ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది, దానితో తీపి తప్ప ఏమీ రాదు.

ఎంతసేపు నానాలి?

ఎల్.ఏ. కోత: కనీసం 4 గంటలు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే ఇంకా మంచిది. ఒక రోజు దాటితే ఉప్పు ఎక్కువై మాంసం గట్టిపడుతుంది. పెద్ద ఎముకతో ఉన్నదానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వొచ్చు. ఎక్కువ నానితే ఎక్కువ రుచి అనే లెక్క గల్బికి పనికిరాదు.

మన గానుగ నువ్వుల నూనె వేయొచ్చా?

వాసన రాదు. కొరియన్లు నువ్వుల్ని బాగా వేయించి ఆ తర్వాత నూనె తీస్తారు, అందుకే ముదురు రంగు, ఘాటైన వాసన. మనది పచ్చి నువ్వులతో తీసింది. కొరియన్ నూనె లేకపోతే మన నూనె ఒక స్పూను వేసి, దోరగా వేయించి దంచిన నువ్వులు రెండు స్పూన్లు కలపండి, చాలావరకు దారికొస్తుంది.

ఎలా కాల్చాలి? బొగ్గులు లేకపోతే?

అసలు పరీక్ష ఇక్కడే. రసంలో చక్కెర ఉంది, పండు ఉంది, అవి మాంసం ఉడికేలోపే మాడతాయి. అందుకే గల్బికి మంట పనికిరాదు, నిప్పులు కావాలి. బొగ్గులు రాజుకుని పైన బూడిద పూత పట్టి లోపల ఎర్రగా కణకణలాడే దాకా ఆగండి. నల్ల బొగ్గు కనిపిస్తుంటే ఇంకా టైం కాలేదని అర్థం. కొరియాలో మంచి హోటళ్ళలో ఓక్ చెట్టు బొగ్గు వాడతారు, పొగ తక్కువ, వేడి నిలకడగా ఉంటుంది. ఇక్కడ మనకు చింతకర్ర బొగ్గు, సర్వి బొగ్గు దొరికితే బాగానే పనిచేస్తాయి.

గిన్నెలోంచి తీసిన ముక్కను ఒకసారి విదిలించి, అంటుకున్న వెల్లుల్లి, ఉల్లి గుజ్జును వేలితో తీసేసి గ్రిల్ మీద పెట్టండి. ఆ గుజ్జు అలాగే ఉంటే అదే ముందు మాడి చేదెక్కుతుంది. పచ్చి మాంసాన్ని ఒక్కసారే తిప్పాలంటారు, నానబెట్టిన గల్బికి అది వర్తించదు, 20, 30 సెకన్లకోసారి తిప్పుతూనే ఉండాలి. కొవ్వు కారి నిప్పుల మీద పడి మంట లేస్తే ముక్కను పక్కకు జరపండి, నీళ్ళు చల్లకండి, బూడిద లేచి మాంసానికి అంటుకుంటుంది. ఎల్.ఏ. పట్టీకి మొత్తం నాలుగైదు నిమిషాలు చాలు. అంచులు ముదురు గోధుమ రంగుకొచ్చి, పైన జిగురుగా మెరుస్తూ, ఎముక చుట్టూ మాంసం కాస్త వెనక్కి జరిగితే అయిపోయినట్టే.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకు ఇనుప పెనం ఉంది. పెనం బాగా వేడెక్కాక ఒకేసారి రెండు పట్టీలకు మించి వేయొద్దు. ఎక్కువ వేస్తే పెనం చల్లారి, రసం ఊరి, అది కాల్చడం పోయి ఉడకబెట్టడం అవుతుంది. రెండు పట్టీలు అయ్యాక పెనాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టండి, లేకపోతే అంటుకున్న చక్కెర తర్వాతి ముక్కల్ని నల్లగా చేస్తుంది. ఓవెన్ ఉంటే పైన మాత్రమే వేడి వచ్చే బ్రాయిల్ సెట్టింగ్‌లో జాలీ మీద పెట్టి, కింద ట్రేలో కొంచెం నీళ్ళు పోయండి, పొగ తగ్గుతుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, పక్కింటి వాళ్ళకు ముందే చెప్పడం మర్యాద.

అంచులు నల్లగా మాడాయి, తినొచ్చా?

కత్తెరతో కత్తిరించి పారేయండి. కొరియన్లు అదే చేస్తారు. చేదు కాబట్టే కాదు, బొగ్గులా మాడిన మాంసం ఆరోగ్యానికీ మంచిది కాదు.

హోటల్‌కి వెళ్తే ఎలా ఆర్డర్ చేయాలి?

మెనూలో ధర ఒక మనిషి వాటాకి ఉంటుంది, ఇన్‌బున్ అంటారు, పక్కనే గ్రాములు రాసి ఉంటాయి. ఆ గ్రాముల్లో ఎముక బరువు కూడా కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి. చాలాచోట్ల మొదటి ఆర్డర్ కనీసం రెండు వాటాలు చెప్పాలి, ఒంటరిగా వెళ్తే ఇబ్బంది, ముందే అడగండి. సేంగ్ గల్బి, యాంగ్న్యోమ్ గల్బి రెండూ తినాలనుంటే పచ్చిది ముందు చెప్పండి, చక్కెర పట్టించినది తర్వాత. ముందే తియ్యటిది వేస్తే జాలీ మాడి, నాలుక తీపికి అలవాటుపడి, మేలైన మాంసం రుచి తెలియదు. జాలీ నల్లబడితే మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు, అది వాళ్ళకు రోజూ ఉండే పని.

కొంచెం ఖరీదైన చోట వాళ్ళే వచ్చి కాల్చి కత్తెరతో ముక్కలు చేసి పెడతారు, మామూలు చోట మీరే చేసుకోవాలి. ఆఫీసువాళ్ళతో వెళ్తే పట్టకారు సాధారణంగా వయసులో చిన్నవాళ్ళ చేతికొస్తుంది. పెద్దవాళ్ళు తినడం మొదలుపెట్టాకే మిగతావాళ్ళు మొదలుపెట్టాలి, పెద్దలకు పోసేటప్పుడు సీసా రెండు చేతులతో పట్టుకోవాలి. పెద్దల దగ్గర మనం పాటించే మర్యాదలు తెలిసినవాళ్ళకు ఇదేమీ కష్టం కాదు.

చివర్లో మామూలుగా అన్నం, సోయా ముద్దతో చేసే త్వెంజాంగ్ జ్జిగే పులుసో, చల్లటి నేంగ్‌మ్యోన్ నూడుల్సో చెప్పుకుంటారు. ఎండాకాలంలో గల్బి తర్వాత ఐసు ముక్కలు తేలే ఆ నూడుల్స్ గిన్నె మాత్రం వదలకండి.

ఆకులో చుట్టి తినడం ఎలా?

అరచేతిలో లెట్యూస్ ఆకు, దాని మీద కావాలంటే క్కెన్నిప్ (పెరిల్లా) ఆకు, ఒక ముక్క మాంసం, గోరంత సామ్‌జాంగ్, ఒక పచ్చి లేదా కాల్చిన వెల్లుల్లి బిళ్ళ, కాస్త ఉల్లికాడల సలాడ్. మూట కట్టి మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి, సగం కొరికితే అంతా జారిపోతుంది. అందుకే చిన్న మూట కట్టండి. మొదటి రెండు ముక్కలు మాత్రం ఆకు లేకుండా ఉత్తగా తినమని నా సలహా, ఆ కోతకూ ఆ నిప్పుకూ మనం ఇచ్చే మర్యాద అది. ఎముక దగ్గర అంటుకున్న మాంసాన్ని చివరికి ఉంచుకుని చేత్తో పట్టుకుని కొరకండి, ఎవరూ ఏమీ అనుకోరు.

హన్‌వూ గల్బి ధర అంత ఎక్కువ ఎందుకు?

హన్‌వూ కొరియా సొంత పశుజాతి. మేత ఖర్చు ఎక్కువ, మందలు చిన్నవి, మాంసంలో కొవ్వు గీతల్ని బట్టి 1++ నుంచి 3 వరకు గ్రేడులు ఇస్తారు, పైగ్రేడు పక్కటెముకలు పండగ ముందు అందమైన పెట్టెల్లో బహుమతిగా అమ్ముడవుతాయి. ఒక పశువుకు కాల్చడానికి పనికొచ్చే మంచి ఎముకలు కొన్నే. మామూలు జనం తినేది ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియా మాంసం.

దీని వెనక పెద్ద కథే ఉంది. 2003 డిసెంబర్‌లో అమెరికాలో మ్యాడ్ కౌ వ్యాధి బయటపడగానే కొరియా ఆ మాంసాన్ని ఆపేసింది. 2008లో పూర్తిగా తలుపులు తెరవబోతే సియోల్ వీధుల్లో లక్షలాది జనం కొవ్వొత్తులతో నిలబడ్డారు. 2012లో అమలైన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంతో 40 శాతం ఉన్న సుంకం ఏటా తగ్గుతూ వచ్చింది, అమెరికా మాంసం మామూలైపోయింది. మాంసం ఏ దేశానిదో హోటళ్ళు మెనూలో రాయడం అక్కడ తప్పనిసరి, గోడ మీద పట్టిక చూడండి. "కుక్నేసాన్" అంటే దేశంలో పెరిగిందని మాత్రమే, అది పాల జాతి పశువు కూడా కావచ్చు. హన్‌వూ అని విడిగా రాసి ఉంటేనే హన్‌వూ.

హలాల్ గల్బి దొరుకుతుందా?

సియోల్‌లో ఇతేవాన్ వెళ్ళండి. 1976లో కట్టిన సెంట్రల్ మసీదు చుట్టుపక్కల హలాల్ హోటళ్ళు, మాంసం కొట్లు ఉన్నాయి. మామూలు హోటల్లో మాంసం సంగతి అటుంచి, రసంలో రైస్ వైన్, మిరిన్ పడతాయని గుర్తుంచుకోండి. ఇంట్లో చేస్తే వాటి బదులు యాపిల్ రసం మూడు స్పూన్లు వేస్తే సరి. గోధుమ పడనివాళ్ళు కూడా జాగ్రత్త, మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో చేయాలంటే?

1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆవుల వధ నిషేధం, కొట్లలో పెద్దకూర అని అమ్మేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. హైదరాబాద్ కల్యాణీ బిర్యానీలో పడేదీ అదే. దానితో గల్బి వస్తుంది, కానీ కొవ్వు తక్కువ, పీచు గట్టి. కొట్టువాడిని పక్కటెముకలు అడ్డంగా వీలైనంత పల్చగా కొట్టమనండి, కత్తితో అయితే పల్చగా రాకపోవచ్చు, అప్పుడు ఎముక పక్కన మాంసాన్ని మీరే విప్పి గాట్లు పెట్టుకోండి. పచ్చి బొప్పాయి ఒక స్పూను ఇక్కడ నిజంగా పనికొస్తుంది, కాల్చేటప్పుడు పైన కాస్త నువ్వుల నూనె పూయండి. ముదురు మాంసం అనిపిస్తే కాల్చే ఆలోచన మానేసి ప్రెషర్ కుక్కర్లో గల్బి జ్జిమ్ చేసుకోండి, అద్భుతంగా ఉంటుంది.

బీఫ్ తినని ఇళ్ళ నుంచి ఈ ప్రశ్న చాలా వస్తుంది. లేత మేక చాప్స్‌కు ఇదే రసం చక్కగా పడుతుంది, చాప్స్‌ను రోకలితో కాస్త చదును చేసి, అల్లం కొంచెం పెంచి, రాత్రంతా నానబెట్టండి. దాన్ని కొరియన్లు గల్బి అనకపోవచ్చు, తినడానికి మాత్రం ఏ లోటూ ఉండదు. పంది తినేవాళ్ళకు ద్వేజీ గల్బి అసలైన కొరియన్ వంటకమే, కొరియాలో మధ్యతరగతి వాళ్ళు వారాంతంలో తినేది బీఫ్ కంటే అదే ఎక్కువ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక కొరియన్ ఉద్యోగుల కోసం ఆ చుట్టుపక్కల కొరియన్ హోటళ్ళు వెలిశాయి, అటు వెళ్ళేవాళ్ళు ప్రయత్నించండి, ఏ మాంసమో ముందే అడిగి తెలుసుకోండి.

నానబెట్టింది ఫ్రీజర్లో పెట్టొచ్చా? వండింది మిగిలితే?

బేరిపండు వేసినదైతే రసంతో సహా జిప్ కవర్లో పల్చగా పరిచి ఫ్రీజర్లో నెల దాకా ఉంచొచ్చు, వాడే ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. కివీ, బొప్పాయి వేసినది ఫ్రీజ్ చేయొద్దు, కరిగే టైములో మళ్ళీ ఎంజైమ్ పని మొదలుపెడుతుంది. పచ్చి మాంసం నానిన రసాన్ని మరిగించకుండా పైన పోయకూడదు, ఇది పట్టించుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. కాల్చింది మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టి రబ్బరు చేసుకోవద్దు, ఎముక తీసేసి సన్నగా కత్తిరించి, చద్దన్నం, పులిసిన కిమ్చీ, ఒక గుడ్డు వేసి పెద్ద సెగ మీద వేయించండి. ఎముకలు పారేయకుండా ముల్లంగి ముక్కలతో గంటసేపు మరగబెడితే మర్నాటికి సూపు తయారు.